సెలవు అయింది, సీటు మారింది

ప్రశ్న: మాది హైదరాబాద్. ఒక ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. కాన్పుకు ముందు ఒక టీమ్‌కి లీడ్‌గా ఉండేదాన్ని. ఇరవై ఆరు వారాల మెటర్నిటీ లీవ్ అయ్యాక ఆఫీసుకి వెళ్తే, నా టీమ్‌ని నా జూనియర్‌కి అప్పగించేశారు. "పాప చిన్నది కదా, నీకు తేలిగ్గా ఉంటుంది" అంటూ నన్ను డాక్యుమెంటేషన్ పనిలో కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు. అప్రైజల్‌లో మాత్రం "ఏడాదిలో సగం లేవు కదా" అని అట్టడుగు రేటింగ్ ఇచ్చారు. గట్టిగా అడిగితే హెచ్‌ఆర్‌లో "కష్టంగా ఉంటే రిజైన్ చేయండి, మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం" అన్నారు. జీతం ఇస్తున్నారు కాబట్టి ఇక నేను అడగడానికి ఏమీ లేదా? రెండో బిడ్డ ఆలోచన కూడా ఉంది. మళ్ళీ సెలవు ఇస్తారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అడగడానికి ఉందమ్మా. ఎంతవరకు ఉందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకుని అడగాలి.

అన్నిటికంటే ముందు, రిజైన్ చేయకండి. హెచ్‌ఆర్ వాళ్ళు ఆ సలహా మీ మీద జాలితో ఇవ్వలేదు. "వ్యక్తిగత కారణాలతో" అన్న రెండు మాటలు మీ చేత రాయించుకుంటే వాళ్ళకి చాలు, అక్కడితో కథ మారిపోతుంది. వాళ్ళు తీసేసినట్టు కాదు, మీరు వెళ్ళిపోయినట్టు అవుతుంది. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత రుజువు చేయొచ్చు గానీ, ఆ రుజువు బరువంతా మీ నెత్తినే పడుతుంది. ఎవరైనా గదిలోకి పిలిచి అప్పటికప్పుడు సంతకం పెట్టమంటే "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని చెబుతాను" అని లేచి రండి. అలా అనడం ఏ కంపెనీ రూల్స్‌లోనూ తప్పు కాదు.

ఇక చట్టం సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 2017లో సవరణ అయ్యాకే 12 వారాల సెలవు 26 వారాలైంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత స్మృతి, 2020 అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారింది గానీ ఈ రక్షణ మారలేదు. ప్రసూతి సెలవులో ఉన్న మహిళను ఆ కారణంగా ఉద్యోగం నుంచి తీసేయకూడదు. సెలవు లోపలే గడువు ముగిసేలా నోటీసు ఇవ్వకూడదు. ఆమెకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చకూడదు. పాత చట్టంలో ఇదంతా 12వ సెక్షన్. చాలామంది మొదటి రెండూ చదివి "నన్ను తీసేయలేదు కదా, ఇది నాకు వర్తించదేమో" అనుకుని వదిలేస్తారు. మీ కేసు నిలబడేది ఆ మూడోదాని మీదే.

సర్వీసు షరతులంటే నెలాఖరున బ్యాంకులో పడే జీతం ఒక్కటే కాదు. మీ హోదా, మీ కింద పనిచేసేవాళ్ళు, మీరు ఎవరికి జవాబు చెప్పాలన్నది, ప్రమోషన్ వరసలో మీ స్థానం కూడా అందులోకే వస్తాయని వాదించవచ్చు. సెలవుకు ముందు లీడ్‌గా ఉన్న మనిషి తిరిగొచ్చేసరికి లీడ్ కాకుండా పోయారు. మధ్యలో జరిగింది కాన్పు ఒక్కటే. కారణం ఇంకేదైనా ఉందంటే అదేమిటో కంపెనీయే చెప్పాలి.

మెత్తగా ఉండటం వల్ల చాలామంది పసిగట్టలేని మాట ఒకటుంది, "నీ మంచికే" అన్నది. పాప చిన్నది, పాలిచ్చే తల్లివి, క్లయింట్ కాల్స్ అర్ధరాత్రి దాకా సాగుతాయి, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉన్నారో లేదో అంటారు. అమ్మ గానీ అత్తగారు గానీ అనాల్సిన మాటలు మేనేజర్ నోట వినిపిస్తాయి. వాటిలో నిజమైన అభిమానం కూడా ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఆ మంచి మీరు అడిగారా? "నాకు తేలిక పని కావాలి" అని మీరు మెయిల్ పెట్టి ఉంటే అది సదుపాయం. అడగకుండా, కనీసం మీతో మాట్లాడకుండా టీమ్ తీసేస్తే అది మీకు జరిగిన నష్టం. అభిమానంతో చేసినంత మాత్రాన నష్టం లాభమైపోదు. కొత్త తండ్రి అయిన మీ సహోద్యోగిని "బాబు చిన్నవాడు కదా" అని ఎవరైనా డాక్యుమెంటేషన్‌కి పంపారా? ఈ ప్రశ్న మీ ఫిర్యాదులో తప్పకుండా ఉండాలి.

రేటింగ్ విషయంలో మీ మేనేజర్ అన్నది మీకే పనికొస్తుంది. "ఏడాదిలో సగం లేవు" అంటే, సెలవు తీసుకున్నందుకే రేటింగ్ తగ్గించామని ఆయన ఒప్పుకున్నట్టే. చట్టం ఇచ్చిన సెలవును పని ఎగ్గొట్టిన కాలంగా లెక్కేయడం ఏమిటి? మీరు పనిచేసిన నెలల్లో మీ పని ఎలా ఉందో దాన్నే చూసి రేటింగ్ ఇమ్మని అడగండి. పని నిజంగానే బాగాలేదని చూపించగలిగితే వాళ్ళ వాదనకు బలం ఉంటుంది. పనిచేసిన నెలలను పక్కన పెట్టి, లేని నెలలను చూపిస్తే ఉండదు.

చేదు సంగతి కూడా చెప్పాలి. సెలవు నుంచి వచ్చిన మహిళకు పాత సీటే ఇవ్వాలన్న స్పష్టమైన వాక్యం మన చట్టంలో లేదు. బ్రిటన్‌లో ఉంది. అక్కడ మొదటి 26 వారాల సెలవు లోపల తిరిగొస్తే అదే ఉద్యోగంలోకి రావడం హక్కు. మన దగ్గర "నష్టం కలిగేలా మార్చకూడదు" అన్న మాటలోంచే ఆ హక్కును రాబట్టుకోవాలి. ప్రాజెక్టు నిజంగానే మూతపడి టీమ్ మొత్తం చెదిరిపోయి ఉంటే మీ వాదన పలచబడుతుంది. మీ టీమ్ అలాగే ఉంది, మీ కుర్చీలో ఇంకొకరు ఉన్నారు కాబట్టి మీ స్థితి మెరుగే.

ఐటీ కంపెనీల్లో తరచు వినిపించే ఇంకో బెదిరింపు "మీరు వర్కర్ కేటగిరీ కాదు, లేబర్ చట్టాలు మీకు వర్తించవు" అన్నది. పారిశ్రామిక వివాదాల విషయంలో ఆ తేడా నిజమే, మేనేజర్ స్థాయి వాళ్ళకి ఆ తలుపు తెరుచుకోదు. ప్రసూతి రక్షణకు మాత్రం ఆ తేడా లేదు, జీతం పరిమితి కూడా లేదు. పది మంది, అంతకు మించి పనిచేసే షాపుల్లో, సంస్థల్లో నెలకు పదిహేను వేలు వచ్చే అమ్మాయికీ లక్షన్నర వచ్చే మీకూ ఒకే రక్షణ. కాంట్రాక్టు మీద ఉన్నా అంతే. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోజుకూలికి పనిచేసే మహిళలకు కూడా ఈ ప్రయోజనం దక్కాలని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసిపోయినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023లో డాక్టర్ కవితా యాదవ్ కేసులో తేల్చింది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఇంతవరకు వాళ్ళు అన్నవన్నీ నోటిమాటలే. వాటిని కాగితం మీదకి తేవాలి. కోపం లేకుండా, ఎవరినీ నిందించకుండా హెచ్‌ఆర్‌కీ మేనేజర్‌కీ కలిపి ఒక మెయిల్ పెట్టండి. సెలవుకు ముందు నా హోదా ఇది, బాధ్యతలు ఇవి. ఫలానా తేదీన తిరిగి చేరాను. ఇప్పుడు నాకిచ్చిన పని ఇది. ఈ మార్పు ఎప్పుడు, ఎవరు, ఏ కారణంతో చేశారో తెలియజేయగలరు. రేటింగ్‌కి ప్రాతిపదిక ఏమిటో, సెలవు కాలాన్ని ఎలా లెక్కించారో చెప్పగలరు. అంతే, చట్టం పేరు ఎత్తకపోయినా ఫర్వాలేదు. మార్పు చేసిన తేదీ మీ సెలవు కాలంలో పడితే సగం పని అయినట్టే. ఎవరైనా మెయిల్ ఊసెత్తకుండా పిలిచి మాట్లాడితే, ఆ సాయంత్రమే "ఈ రోజు మీరు చెప్పింది ఇలా అర్థం చేసుకున్నాను" అని ఇంకో మెయిల్ పెట్టండి. పాత అప్రైజల్ లెటర్లు, సెలవు మంజూరు చేసిన మెయిల్, టీమ్ లీడ్‌గా మీ పేరున్న కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త. క్లయింట్ ఫైళ్ళు, కోడ్ లాంటివి మీ సొంత మెయిల్‌కి పంపుకోకండి. ఆ ఒక్క తప్పు చూపించి మిమ్మల్ని తీసేసే వీలుంటుంది, పైగా అది క్రమశిక్షణ కేసు అవుతుంది గానీ ప్రసూతి కేసు కాదు.

జవాబు రాకపోతే కార్మిక శాఖకు వెళ్ళాలి. కొత్త చట్టంలో అక్కడి అధికారిని ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అంటున్నారు. ఉద్యోగం నుంచి తీసేసినా, ప్రసూతి డబ్బు ఎగ్గొట్టినా ఆ ఉత్తర్వు అందిన 60 రోజుల్లో అప్పీలు చేసుకునే దారి సూటిగా ఉంది. హోదా తగ్గించిన కేసులకు అంత సూటి దారి లేదు, చట్టంలో అదొక లోపమనే నా అభిప్రాయం. చట్టాన్ని ఉల్లంఘించారని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, అవసరమైతే లాయర్ ద్వారా నోటీసు పంపాలి. రేపు తీసేస్తూ లెటర్ ఇచ్చారంటే మాత్రం ఆ రోజు నుంచే 60 రోజులు లెక్క మొదలవుతుంది, బుజ్జగింపుల్లో ఆ గడువు దాటిపోనివ్వకండి. లాయర్ ఫీజుకి భయపడక్కర్లేదు. న్యాయ సేవల ప్రాధికార చట్టం 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

మీరు అడగకపోయినా మీకు రావాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పాపకు 15 నెలలు వచ్చేదాకా, మామూలు విరామానికి అదనంగా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి. 50 మంది ఉన్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రానివ్వాలి. సాయంత్రం ఏడు దాటాక పని చేయించాలంటే మీ సమ్మతి కావాలి. ఇంటి నుంచి పని మాత్రం హక్కు కాదు. పని స్వభావాన్ని బట్టి ఇద్దరూ ఒప్పుకుంటేనే కుదురుతుంది.

రెండో బిడ్డ గురించి నిశ్చింతగా ఉండండి. రెండో కాన్పుకి కూడా పూర్తి 26 వారాలే. అప్పటికే ఇద్దరు పిల్లలున్నవాళ్ళకి తర్వాతి కాన్పులో అది 12 వారాలవుతుంది. ఒక లెక్క చూసుకోండి. కాన్పు అంచనా తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి, జీతంతో కూడిన సెలవు దినాలు కూడా అందులో కలుస్తాయి. ఈ మధ్యలో కంపెనీ మారే ఆలోచన ఉంటే, కొత్త చోట ఆ 80 రోజులు పూర్తవుతాయో లేదో లెక్కేసుకున్నాకే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టండి.