రోగి చెప్పిన మాట

ములుగు పట్టణమున 2024వ సంవత్సరమున ప్రభుత్వ వైద్యకళాశాల 50 సీట్లతో ప్రారంభమయ్యెను. ఈ జిల్లాలో చాలభాగము అడవి. తాడ్వాయి, ఏటూరునాగారము మొదలగు మండలములలో కోయవారి గూడెములు పెక్కు కలవు. వానకాలపు చలిజ్వరము, అనగా మలేరియా, ఆ గూడెములు ఎరుగని రోగము కాదు.

వైద్యవిద్యార్థులు మొదటి సంవత్సరమున శరీరనిర్మాణము మొదలగు శాస్త్రములను ముఖ్యముగా చదువుదురు. రెండవ సంవత్సరమునుండి వార్డులకు పోయి రోగిని ప్రశ్నించుటయు, పరీక్షించుటయు నేర్తురు. అట్టి విద్యార్థిని నొకతెను ఊహింతము. మెడలో స్టెతస్కోపు, చేతిలో ప్రశ్నల పట్టిక. ఎదుట మంచముపై అడవిపల్లెనుండి వచ్చిన వృద్ధుడు.

ఆమె నిలువబడియే "జ్వరం ఎన్ని రోజులనుంచి? దగ్గున్నదా? వాంతులున్నవా?" అని వరుసగా అడుగును. వృద్ధుడు అన్నిటికిని "ఊ" అనును. పట్టిక నిండును గాని రోగమేమో తెలియదు. ఆమెను తప్పుపట్టుటకును వీలులేదు. ఇన్నేండ్లు బడిలో జవాబులు వ్రాయుటయే నేర్చినది. ప్రశ్న వేయుట ఎవరు నేర్పిరి?

అంతలో గురువు వచ్చి, స్టూలుపై కూర్చుండి, "ఏం తాతా, ఏమైందో మొదటినుంచి చెప్పు" అని ఊరకుండును. కొంతసేపటికి వృద్ధుడు "పానం బాగుంటలేదు సారూ" అనును. ఈ ప్రాంతమున ఆ మాట జ్వరమునకును, నీరసమునకును, ఒక్కొక్కప్పుడు దిగులునకును చెల్లును. కావున "ఎట్ల బాగుంటలేదు?" అని మరల అడుగవలెను. అప్పుడు ఒక్కొక్కటే బయటపడును. మొదట వణకు, పిదప కాక, ఆపైని చెమట. దినము విడిచి దినము. మొక్కజొన్న చేనికి కావలియై రాత్రులు మంచెమీద దోమతెర లేకుండ పండుకొనుచుండెనట. మంచె సంగతి ఏ పట్టికలోను లేదు.

రోగిని చూచి, తాకి, అడిగి పరీక్షింపవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున ఏనాడో చెప్పెను. నేటి వైద్యులు తట్టుటయు, వినుటయు చేర్చిరి. ఆస్ట్రియా వైద్యుడు ఔన్‌బ్రుగ్గర్ రొమ్ముపై తట్టి ధ్వనినిబట్టి రోగము నెరుగు పద్ధతిని 1761లో ప్రకటించెను. ఫ్రాన్సులో లెన్నెక్ 1816లో కాగితమును గొట్టముగ చుట్టి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు పుట్టుక అదియే.

చలిజ్వరము పలుమారు వచ్చినవారికి ఎడమ ప్రక్కటెముకల క్రింద ప్లీహము పెరుగును. పల్లెలలో దీనిని "కడుపులో బల్ల" అందురు. విద్యార్థిని ఆ ఎముకల క్రిందనే వ్రేళ్ళు నొక్కి, "ఏమీ తగులలేదు సార్" అనును. అదియే పొరపాటు. ప్లీహము మిక్కిలి పెరిగినచో దాని అంచు బొడ్డువైపునకు దిగియుండును. అప్పుడు వ్రేళ్ళు దానిమీదనే ఉన్నను అంచు దొరకదు. పొట్ట కుడివైపు దిగువనుండి మొదలిడి, రోగి ఊపిరి పీల్చినప్పుడెల్ల అంచునకై చూచుచు, ఎడమ ప్రక్కటెముకలవైపు చేతిని జరుపవలెను. చేయి వెచ్చగానుండవలెను, చల్లని చేయి తగిలిన కడుపు బిగియును. ఆమె అరచేతులు రుద్దుకొని మరల ప్రయత్నించును. వృద్ధుడు గట్టిగా ఊపిరి పీల్చగనే గట్టి అంచొకటి దిగివచ్చి వ్రేళ్ళకు తగులును.

రక్తపరీక్ష చేసినచో తెలియదా అని మీరడుగవచ్చును. తెలియును. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదుననే కనుగొనెను. నేడు ఒక్క రక్తపు బొట్టుతో నిమిషములలో ఫలితము వచ్చును. కాని ఆ పరీక్ష చేయింపవలెనను ఊహ మొదట ఎవరికైన తట్టవలెను గదా! మలేరియాలో ఒక రకము ఆలస్యమైనచో మెదడునకు ఎక్కి ప్రాణము తీయును.

రోగి బాధను ఆతని మాటలలోనే మొదట వ్రాయుట వైద్యుల ఆచారము. ఆమె తాను వ్రాసిన "జ్వరము" అను మాటను కొట్టివేసి, "పానం బాగుంటలేదు, దినం విడిచి దినం చలి" అని వ్రాయును. రక్తపు బొట్టును పరీక్షకు పంపి, ఈసారి తానే స్టూలుపై కూర్చుండి, "తాతా, మంచెమీద నీతో ఇంకెవరన్న పండుకుంటరా?" అని అడుగును.

"నా మనుమడు పండుకుంటడు బిడ్డా. వానికి నిన్నటిసంది ఒళ్ళు కాలుతున్నది."