కంచంలోని రొట్టె ఎటు పోయింది?

డాక్టరు చెబితే రొట్టె మానేసేవాళ్ళుంటారు. గోధుమలోని గ్లూటెన్ పడనివాళ్ళకు అది తప్పదు కూడా. కాని మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఏ డాక్టరూ చెప్పకుండానే ఒక రొట్టె రోజువారీ తిండిలోంచి తప్పుకున్నది. అది గ్లూటెన్ లేని జొన్నరొట్టె!

కారణాలు ముఖ్యంగా రెండు. మొదటిది నీరు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, కోదాడ వైపు మెట్టచేలు వరిమళ్ళయినాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరయింది. రెండవది ధర. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. దాంతో కాలువ అందని సూర్యాపేట మెట్టపల్లెలకూ బియ్యం అందినవి. అంతకుముందు పేదింట తెల్లన్నం పండుగనాటి మాట. కనుక జనాన్ని తప్పుపట్టలేం. పైగా జొన్నరొట్టె వేడినీళ్ళతో పిండి పిసికి, అరచేత్తో తట్టి, ఒక్కొక్కటే కాల్చాలి. అన్నానికి ఎసరు పెడితే చాలు.

మరి పోయిందేమిటి? జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. పీచు తగ్గితే తిన్నది త్వరగా చక్కెరై రక్తంలో కలుస్తుంది. నాగలి పట్టిన ఒంటికి అది చెల్లిందేమో గాని, కుర్చీలో కూర్చునే మనకు చెల్లదు.

అన్నం మానెయ్యమని కాదు, ఒక పూట రొట్టెకిద్దాం. అయితే మిత్రులారా, ఆ రొట్టె తట్టే పని మళ్ళీ అమ్మ ఒక్కదాని నెత్తినే వెయ్యకుండా మనమూ నేర్చుకోవాలి.