పేరును సర్వరుకు కలిపే పని: డొమైన్ అనుసంధానంలో ఉపాధి

ఒక వెబ్‌సైట్ జనానికి కనిపించాలంటే రెండు వేర్వేరు ఏర్పాట్లు కావాలి. ఒకటి డొమైన్ పేరు, అంటే రిజిస్ట్రార్ అనే సంస్థకు ఏటా రుసుము కట్టి వాడుకునే హక్కు పొందే చిరునామా. రెండోది హోస్టింగ్, అంటే సైటు ఫైళ్లను నిలవ ఉంచి అడిగినవారికి పంపే సర్వరులో అద్దెకు తీసుకునే చోటు. రెండూ ఒకే సంస్థ దగ్గర తీసుకుంటే చాలావరకు వాటంతట అవే కలుస్తాయి గానీ, వేర్వేరు చోట్ల తీసుకున్నప్పుడు కలపడం తెలిసిన మనిషి కావాలి. భీమడోలు, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో బీసీఏ, డిప్లొమా చదివే విద్యార్థులు ఊరు కదలకుండానే నేర్చుకోగల పని ఇది.

ఈ అనుసంధానానికి ఆధారం డీఎన్ఎస్, అంటే మనుషులు గుర్తుంచుకునే పేర్లకు యంత్రాలు వాడే అంకెల చిరునామాలను, అనగా ఐపీ చిరునామాలను, వెతికి చెప్పే వ్యవస్థ. 1983లో పాల్ మోకాపెట్రిస్ దీన్ని రూపొందించారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లా అధికారిక సైటు పేరు ‘ఏలూరు డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ను మనం ఎడమ నుంచి చదువుతాం గానీ, డీఎన్ఎస్ కుడి నుంచి విప్పుతుంది: ముందు రూట్ సర్వర్లను అడిగి ‘ఇన్’ బాధ్యత ఎవరిదో తెలుసుకుని, అక్కడి నుంచి ‘గవ్’ వైపు, ఆపై రాష్ట్రం, జిల్లా వైపు సాగుతుంది. ఒక పేరు వివరాలకు తుది సమాధానం చెప్పే సర్వరును నేమ్‌సర్వర్ అంటారు.

కలపడానికి దారులు రెండు. రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి, హోస్టింగ్ సంస్థ ఇచ్చిన నేమ్‌సర్వర్ల పేర్లను పాతవాటి స్థానంలో రాయడం మొదటిది. నేమ్‌సర్వర్లను కదపకుండా ‘ఏ’ రికార్డులో, అంటే పేరుకు ఐపీ చిరునామాను జతచేసే వరుసలో, కొత్త సర్వరు అంకెలను రాయడం రెండోది. మొదటిది తేలికే అయినా, అప్పటికే ఆ పేరుతో ఈమెయిల్ నడుస్తున్న వ్యాపారానికి అది ప్రమాదకరం. నేమ్‌సర్వర్లు మారగానే పాత చోటి రికార్డులేవీ పనిచేయవు కాబట్టి, ఉత్తరాలు ఏ సర్వరుకు చేరాలో చెప్పే ‘ఎంఎక్స్’ రికార్డులనూ, పంపినవారు అసలువారేనని రుజువు చేసే ‘టీఎక్స్‌టీ’ రికార్డులనూ ముందే కొత్త చోట రాసిపెట్టకపోతే, సైటు చక్కగా తెరుచుకుంటూనే ఉత్తరాలు ఆగిపోతాయి. కొల్లేరు చేపలను ఇతర రాష్ట్రాలకు పంపే వ్యాపారికైనా, ఏలూరు తివాచీలు అమ్మే దుకాణానికైనా సైటు ఒక రోజు ఆగడం కంటే ఆర్డర్ల ఉత్తరాలు రాకపోవడమే పెద్ద నష్టం. అందువల్ల పాత రికార్డులన్నింటినీ నకలు తీసుకోవడమే ఈ పనిలో మొదటి అడుగు కావాలి.

రికార్డు మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. ఒకే ఐపీ చిరునామా మీద వందల సైట్లు ఉండవచ్చు కాబట్టి, హోస్టింగ్ ప్యానెల్‌లో, అంటే హోస్టింగ్ ఖాతాను నిర్వహించే పేజీలో, ఆ డొమైన్‌ను చేర్చకపోతే సర్వరు తన సొంత పేజీనో, మరొకరి సైటునో చూపుతుంది. ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ’తో మొదలయ్యే పేరుకు వేరే రికార్డు కావాలి. ఇక మార్పు అందరికీ ఒకేసారి కనిపించకపోవడానికి కారణం టీటీఎల్, అంటే ఒక సమాధానాన్ని మధ్యలోని సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో చెప్పే సంఖ్య. అది 86400 అయితే పాత చిరునామా 24 గంటల దాకా నిలవవచ్చు. అనుభవజ్ఞులు మార్పుకు ఒకటి రెండు రోజుల ముందే దాన్ని 300కు తగ్గించి, తర్వాత ‘ఎన్ఎస్‌లుకప్’ ఆదేశంతో ఫలితాన్ని సరిచూస్తారు.

బ్రౌజర్‌లో చిరునామా కొడితే ఏం జరుగుతుందన్న ప్రశ్న సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, టెక్నికల్ సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురవుతుంది. చౌకైన ఒక డొమైన్ కొని రెండు దారుల్లోనూ కలిపి, విడదీసి చూసిన అభ్యర్థి దానికి తన చేతి పని నుంచే జవాబు చెప్పగలడు. సొంతంగా పని పట్టేవారు డొమైన్‌ను ఎప్పుడూ ఖాతాదారు పేరుతో, ఖాతాదారు ఈమెయిల్‌తోనే నమోదు చేయించాలి. ‘డాట్ కామ్’ వంటి పేర్లకు రిజిస్ట్రార్ పంపే ధ్రువీకరణ ఉత్తరానికి 15 రోజుల్లో స్పందించకపోతే ఆ పేరు పనిచేయడం ఆగిపోవచ్చు. పునరుద్ధరణ గడువు హెచ్చరికలు కూడా ఆ ఈమెయిల్‌కే వస్తాయి.