వరద వార్తను ఫోనులో తెలియజేయు విధము

గాలివాన గాని, వరద గాని వచ్చినచో నేడు పల్లెలలో మొదట చేతికి వచ్చునది ఫోను. ఒకరు చిత్రము తీసి వాట్సాపులో పెట్టుదురు. మరియొకరు వెనుకముందు చూడక దానిని పదిమందికి పంపుదురు. ఇట్టి వార్తలను ఒకచోట చేర్చి ప్రమాదస్థలమును గుర్తించు పద్ధతులు కలవు. అందుకు మీ వార్త ఎట్లుండవలెనో గమనింపుడు.

జపానులో ట్విట్టరు వార్తలను మాత్రమే యంత్రముచే పరిశీలించి, ఆ దేశపు కొలతలో 3వ తీవ్రతను, అంతకు మించిన తీవ్రతను గల భూకంపములలో నూటికి 96 గుర్తించినట్లు 2010లో పరిశోధకులు ప్రకటించిరి. నేల కదలినచో అందరును ఒకేసారి వ్రాయుదురు. వరద అట్లు కాదు. ఒక వీధిలో మోకాలిలోతు నీరుండగా ప్రక్క వీధి పొడిగా ఉండవచ్చును.

ఇండోనేషియాలోని జకార్తాలో 2014 డిసెంబరున ఆరంభమైన పథకము ఈ చిక్కును గుర్తెరిగినది. అచ్చట వరదను ‘బంజిర్’ అందురు; మన బంజరుతో దీనికి సంబంధము లేదు. ఎవరైనను జకార్తాను గూర్చి ఆ మాట ట్విట్టరులో వ్రాసినచో, వరదను చూచినచో తామున్న చోటు తెలుపుమని యంత్రమే తిరిగి అడిగెడిది. చోటు తెలిపిన వార్తను పటముపై గుర్తించిరి. నా దృష్టిలో పథకపు బలమంతయు ఆ ఎదురుప్రశ్నలోనే ఉన్నది.

మన ఇండ్లలో ఆ ప్రశ్న అడుగువారు అరుదు. నేనెరిగిన ఒక రైతు చెరువుకట్ట తెగినదను చిత్రమును నమ్మి, పాలు గట్టిపడని వరిని కోయించెను. ఆ చిత్రము వేరొక జిల్లాలో రెండేండ్ల క్రిందట తీసినది. గింజ తాలుగా పోయినది.

“వరద భయంకరముగా ఉన్నది” అని వ్రాసినచో ఎవరికిని ప్రయోజనము లేదు. గ్రామము, మండలము పేర్లు వ్రాసి, “తూర్పు కాలువ తూము వద్ద, నేటి ఉదయము 6 గంటలకు నీరు మోకాలిలోతు, గంటలో జానెడు పెరిగినది” అని తేదీతో వ్రాయవలెను. చిత్రములో తూము గాని, బడి గాని, గుడి గాని కనబడవలెను. చిత్రము కొరకు నీటిలో దిగరాదు. ప్రాణాపాయమున్నచో ముందు 112కు ఫోను చేయవలెను, వ్రాత తరువాత.

మరియొక సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు కరెంటు పోయి ఫోనులు మూగబోయినవి. మిక్కిలి దెబ్బతిన్న చోటినుండియే వార్త రాకపోవచ్చును. కావున పొరుగూరి నుండి ఏ కబురును లేనిచో క్షేమమని తలపక, ఎన్ని గంటల నుండి కబురు లేదో మండల కార్యాలయమునకు తెలుపవలెను.