మ్యూజిక్ ఎక్కడ వద్దు?

మన కాలేజీల్లో షార్ట్ ఫిల్మ్ తీసే పద్ధతి దాదాపు ఒకటే. షూటింగ్ అయిపోతుంది, ఎడిటింగ్ కూడా అయిపోతుంది. సబ్మిషన్ ముందు రోజు రాత్రి ఎవరో ఒకరు నెట్‌లో ఫ్రీ మ్యూజిక్ వెతికి డౌన్‌లోడ్ చేస్తారు. ప్రేమకథ అయితే గిటార్, అనంతపురం కరువు అయితే ఏడుపు ఫ్లూట్. ఎప్పుడు బాధపడాలో చూసేవాళ్ళకి ముందే తెలిసిపోతుంది, అందుకే బాధ కలగదు.

దర్శకుడు, సంగీత దర్శకుడు కలిసి ఆలోచిస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ మలయాళంలో ఉంది. కానీ అందులో సగం మన సీమదే.

ఆ ఇద్దరు

ఎం.బి. శ్రీనివాసన్ 1925లో చిత్తూరులో పుట్టారు. మద్రాసులో సినిమా వాద్యకారుల సంఘం ఏర్పడటంలో ఆయనది ముఖ్యమైన పాత్ర. మద్రాస్ యూత్ క్వయర్‌ని స్థాపించి, ఎంతోమంది ఒకే గొంతుగా పాడేలా చేశారు. రెండో వ్యక్తి అదూర్ గోపాలకృష్ణన్. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుని వచ్చి, స్టూడియోల మీద ఆధారపడకుండా మిత్రులతో కలిసి చిత్రలేఖ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ద్వారానే 1972లో మొదటి సినిమా 'స్వయంవరం' తీశారు. అందులో హీరోయిన్ మన తెనాలి శారద, సంగీతం మన చిత్తూరు శ్రీనివాసన్. పాటలు లేవు. పాట లేనిదే సినిమా అమ్ముడుపోదనుకునే రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

ఉంది, లేదు, మళ్ళీ ఉంది

ఇక్కడే అసలు పాఠం ఉంది. అదూర్ రెండో సినిమా 'కొడియేట్టం' (1977)లో నేపథ్య సంగీతమే లేదు. గుడి ఉత్సవాలు చూస్తూ ఊళ్ళు తిరిగే ఒక అమాయకుడి కథ అది. అతని చుట్టూ ఉన్న ప్రపంచం చేసే చప్పుడే మనకి వినిపిస్తుంది. భరత్ గోపీకి ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది ఈ సినిమాకే.

మూడో సినిమా 'ఎలిప్పత్తాయం' (1981)కి మళ్ళీ శ్రీనివాసనే వచ్చారు. ఆ పేరుకి అర్థం ఎలుకల బోను. పాత జమీందారీ ఇంట్లో సోమరిగా బతికే అన్న, అతని చుట్టూ నలిగిపోయే చెల్లెళ్ళు. ఆ సినిమాకి సౌండ్ రికార్డింగ్‌లో కూడా జాతీయ అవార్డు వచ్చింది. అంటే అక్కడ సంగీతం, సౌండ్ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోలేదు. ఆ తర్వాత 'ముఖాముఖం' (1984), 'అనంతరం' (1987) కూడా ఇద్దరూ కలిసే చేశారు. 1988లో శ్రీనివాసన్ చనిపోవడంతో ఆ జోడీ ముగిసింది.

మన భాషలో చెప్పాలంటే, అదూర్‌కి సంగీతం డీఫాల్ట్ సెట్టింగ్ కాదు. కథ పిలిస్తేనే వచ్చే ఫంక్షన్. ఒక సినిమాలో అవసరం లేకపోతే పిలవలేదు, తర్వాతి దానికి మళ్ళీ అదే మనిషిని పిలిచారు. ఈ దారి అందరిదీ కాదు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955)కి రవిశంకర్‌తో పనిచేసినా, 1961లో 'తీన్ కన్య' నుంచి తన సినిమాలకి తనే సంగీతం చేసుకున్నారు. ఆ దారీ మంచిదే. కాకపోతే "ఇక్కడ వద్దు సార్" అని చెప్పడానికి పక్కన ఇంకో మనిషి ఉండడు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం

ఒక సీన్ అనుకుందాం. శనగచేను ఎండిపోయింది. రైతు అప్పు చేసి బోరు వేయిస్తున్నాడు. బోరుబండి చెవులు చిల్లులు పడేలా మోగుతోంది, తెల్లటి దుమ్ము లేస్తోంది. అడుగుకి ఇంత అని లెక్క. ఇంటోళ్ళంతా దుమ్ములో తడి కోసం చూస్తున్నారు. "ఇంకో యాభై అడుగులు దింపమంటారా?" అని డ్రిల్లర్ అడుగుతాడు. బండి ఆగుతుంది.

ఆ ఆగిన క్షణంలో వయొలిన్ పెడితే సీన్ చచ్చిపోతుంది. "నీళ్ళు పడ్డాయా, లేదా?" అన్న ప్రశ్న ఆ నిశ్శబ్దంలోనే ఉంది. జవాబు మనం సంగీతంతో ముందే చెప్పేస్తే, ఆ రైతు ముఖం వైపు ఎవరు చూస్తారు?

సంగీతం అసలు వద్దని కాదు. మన జిల్లాలో ఉరుముల నృత్యం ఉంది. ఆ వాద్యం పేరే ఉరుము. వాన కోసం ఎదురుచూసే నేల మీద ఉరుము పేరుతో ఒక వాద్యం ఉండటం ఎంత పెద్ద విషయం! సినిమా మొత్తంలో అది ఒక్కసారి, సరైన చోట మోగితే చాలు.

తర్వాతి సినిమాకి మూడు పనులు

1. మ్యూజిక్ చేసే ఫ్రెండ్‌కి స్క్రిప్ట్ మొదటి డ్రాఫ్టే ఇవ్వండి, ఫైనల్ కట్ దాకా ఆగొద్దు.
2. సంగీతం ఎక్కడ వద్దో ముందు ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఎక్కడ కావాలో ఆ తర్వాత.
3. లొకేషన్‌లో పది నిమిషాలు కెమెరా ఆపేసి, సౌండ్ మాత్రమే రికార్డ్ చేయండి. రూమ్‌కి వచ్చి ఇద్దరూ కలిసి వినండి.

మూడో పనికి ఫోన్ చాలు, ఖర్చు లేదు. విన్నాక కూడా ఫ్లూట్ కావాలనిపిస్తే అప్పుడు పెట్టుకోండి. కనీసం ఎందుకు పెట్టారో మీకు తెలుస్తుంది.