తెర వెనుక గురువు – ఎరిక్ హారిసన్ జీవితము నేర్పు పాఠము

ఏ విద్యయందైనను నేర్చుట వేరు, నేర్పుట వేరు. చక్కగా పాడగలవారెల్లరు సంగీతము చెప్పజాలరు. లెక్కలు వేగముగా చేయువాడు లెక్కల మాస్టరుగా రాణించునన్న నమ్మకము లేదు. ఇది తరగతి గదులలో మనమందరము ఎరిగిన సంగతియే. అయినను ఆటల విషయము వచ్చుసరికి దీనిని మరచి, పేరుమోసిన ఆటగాడే గొప్ప శిక్షకుడగునని తలంచుచుందుము. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో పరిశీలించుటకై ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ శిక్షకుడు ఎరిక్ హారిసన్ జీవితమును ఈ వ్యాసమున మేము తీసికొంటిమి.

క్రింది మెట్లపై ఆట

హారిసన్ 1938 ఫిబ్రవరి 5న యార్క్‌షైర్ ప్రాంతమందలి మైథమ్‌రాయిడ్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఆ దేశమున 1958 నుండి లీగు ఫుట్‌బాల్ నాలుగు డివిజన్లుగా నడిచెడిది. మొదటి డివిజన్ ఆటగాండ్రను దేశమంతయు ఎరుగును. మూడవ, నాలుగవ డివిజన్లలో ఆడువారిని వారి ఊరివారు తప్ప ఇతరులు అంతగా ఎరుగరు. హారిసన్ ఆటజీవితమంతయు ఈ క్రింది మెట్లపైననే గడచెను. 1957 నుండి 1964 వరకు హాలిఫాక్స్ టౌన్‌కు, పిదప హార్టిల్‌పూల్స్ యునైటెడ్, బారో, సౌత్‌పోర్ట్ జట్లకు ఆయన ఆడెను. లీగు పోటీలే సుమారు 500 వరకు ఆడెను.

ఆయన హార్టిల్‌పూల్స్‌లో నుండగా 1965 అక్టోబరులో బ్రయన్ క్లఫ్ అచ్చటికి మేనేజరుగా వచ్చెను. తరువాతి కాలమున యూరోపియన్ కప్పును రెండు మార్లు గెలిచిన క్లఫ్, మేనేజరుగా తన తొలి అడుగులు వేసినది ఈ పేద క్లబ్బుననే. 1967లో బారో జట్టు నాలుగవ డివిజన్ నుండి మూడవ డివిజన్‌కు ఎక్కినప్పుడు హారిసన్ ఆ జట్టులో నుండెను. అదే బారో 1972లో తోటి క్లబ్బుల ఓట్లలో ఓడి లీగునుండియే తొలగిపోయెను. అనగా ఆటలో గెలుపు ఎంత అరుదో, స్థానము ఎంత అస్థిరమో ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు, చూచి తెలిసికొనెను.

పిల్లల గురువు

ఆటనుండి విరమించిన పిదప ఆయన ఎవర్టన్ క్లబ్బులో శిక్షకుడుగా పనిచేసి, 1981లో మాంచెస్టర్ యునైటెడ్ యువజట్టు బాధ్యతను స్వీకరించెను. అప్పటి విద్యార్థులలో నార్మన్ వైట్‌సైడ్ 1982 ప్రపంచకప్పులో 17 సంవత్సరముల 41 దినముల వయస్సున ఆడి, అంతవరకు పెలే పేరనున్న రికార్డును దాటెను. మార్క్ హ్యూస్ కూడ ఆ బడిలోనివాడే. అయినను యువజట్టు ఎఫ్.ఏ. యూత్ కప్పు ఫైనలులో 1982లో వాట్‌ఫర్డ్ చేతిలోను, 1986లో మాంచెస్టర్ సిటీ చేతిలోను ఓడిపోయెను.

1986 నవంబరులో అలెక్స్ ఫెర్గూసన్ మేనేజరుగా వచ్చి, ప్రతిభగల బాలురను వెదకు ఏర్పాటును విస్తరింపజేసెను. బ్రయన్ కిడ్, నాబీ స్టైల్స్ వంటివారు పిల్లల పనిలో తోడైరి. కావున తరువాతి ఫలితము హారిసన్ ఒక్కని ఘనత కాదు. మంచి విత్తనము, మంచి నేల, మంచి రైతు మూడును కూడినప్పుడే పంట పండును.

ఆయన బోధన ఎట్టిది? సాల్ఫర్డ్‌లోని క్లిఫ్ అను సాధన మైదానమున మేడమీది కిటికీనుండి ఆయన పిల్లల ఆటను చూచెడివాడు. తప్పు కనబడగానే అద్దముపై గట్టిగా కొట్టెడివాడు. ఆ చప్పుడు వినగానే ఎవనికి మందలింపు కాచియున్నదో పిల్లలకు తెలిసిపోయెడిది. బంతిని అదుపు చేయుట, సరిగా అందించుట అను మొదటి పాఠములను ఆయన విసుగు లేక చేయించెను. డేవిడ్ బెక్‌హమ్ బాల్యమున చూచువారు మెచ్చునట్లు దూరపు పాస్‌లు కొట్టుటకు మక్కువపడెడివాడు. హారిసన్ దానిని సినిమా వేషముగా నెంచి మందలించెడివాడు. ఆ వరము బెక్‌హమ్‌కు కలదని ఆయనకు తెలియకపోలేదు. అలంకారమునకు ముందు అక్షరములు రావలెనన్నదే ఆయన పట్టుదల.

క్రింది డివిజన్ల అనుభవము ఇచ్చటనే ఉపకరించెనని మా అభిప్రాయము. సహజ ప్రతిభగలవానిని ఈ పని ఎట్లు చేసితివని అడిగినచో, తరచుగా అతడు చెప్పజాలడు. అది అతనికి ఊపిరివలె వచ్చినది. కష్టించి నేర్చినవానికి ఏ మెట్టు ఎక్కడ జారునో తెలియును. కాబట్టి ఇతరులకు చేయి అందింపగలడు.

ఫలితము – మిగిలినవారు

1992లో ఆయన జట్టు క్రిస్టల్ ప్యాలెస్‌ను రెండు ఆటలలో కలిపి 6–3 గోళ్లతో ఓడించి యూత్ కప్పు గెలిచెను. గిగ్స్, బెక్‌హమ్, బట్, గ్యారీ నెవిల్ అందుండిరి. మరుసటి సంవత్సరపు ఫైనలులో లీడ్స్ చేతిలో ఓటమి; 1995లో మరల విజయము. ఆ 1995 ఆగస్టులో ఈ యువకులతో నిండిన యునైటెడ్ లీగు తొలి ఆటలో 3–1 తేడాతో ఓడగా, పిల్లలతో ఏమియు గెలువజాలరని ఒక టెలివిజన్ వ్యాఖ్యాత పలికెను. ఆ సీజను ముగియునప్పటికి లీగు, ఎఫ్.ఏ. కప్పు రెండును ఆ పిల్లలవే అయ్యెను. 1999లో లీగు, ఎఫ్.ఏ. కప్పు, ఐరోపా కప్పు మూడును ఒకే సీజనులో లభించెను. 1992 నాటి ఫైనల్ ఆటలలో స్థానము పొందని పాల్ స్కోల్స్ కూడ తరువాత దేశము మెచ్చిన ఆటగాడయ్యెను. ఆలస్యముగా వికసించువారిని త్రోసివేయరాదనుటకు ఇది నిదర్శనము.

అయితే అదే 1992 జట్టులో ఆడిన జార్జ్ స్విట్జర్ యునైటెడ్ ప్రధాన జట్టులో ఒక్క ఆటయైనను ఆడకయే క్లబ్బు వీడెను. బెన్ థార్న్‌లీ 1994 ఏప్రిలులో, పద్దెనిమిదేండ్ల ప్రాయమున, మోకాలికి తీవ్రమైన దెబ్బ తగిలి వెనుకబడెను. వీరి చెమట తక్కువది కాదు. పది మంది విజేతలను లెక్కించునప్పుడు వెనుక మిగిలిన పలువురిని మరచినచో మన లెక్క అసత్యమగును. శిక్షకుడు వీరికిని గురువే. ఆట ఇచ్చిన క్రమశిక్షణ, ఓటమిని భరించు శక్తి వీరికి మిగిలినప్పుడే ఆ విద్య సార్థకము.

హారిసన్ 1998లో పదవీ విరమణ చేసెను. పిదప మార్క్ హ్యూస్ వేల్స్ జాతీయ జట్టు మేనేజరు కాగా, ఆయనకు సహాయకుడుగా పనిచేసెను. శిష్యుని క్రింద పనిచేయుటకు గురువు సంకోచింపలేదు! 2018లో బ్రిటిష్ ప్రభుత్వము ఎం.బి.ఇ. బిరుదుతో గౌరవించెను. 2019 ఫిబ్రవరి 13న ఆయన మరణింపగా, హాలిఫాక్స్ చర్చిలో జరిగిన అంత్యక్రియలకు ఫెర్గూసన్‌తోపాటు ఆ శిష్యులును తరలివచ్చిరి.

మన ఊరి ఉస్తాదు

ఇట్టి గురువునకై మనము ఇంగ్లండు వరకు పోనక్కరలేదు. హైదరాబాదులో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే పాఠశాల ఉపాధ్యాయుడు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ నిచ్చెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొంది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమున నిలిచెను. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను నియమముతో యువకులకు పోటీలు పెట్టించిన రహీం సాహెబు ఆలోచనకును, హారిసన్ మొదటి పాఠముల పట్టుదలకును భేదమేమున్నది? తరగతి గదిని మైదానమునకు తీసికొనిపోయిన ఉస్తాదు ఆయన.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో ఆటలో మొదటి స్థానము రానివారు, పరీక్షలో రెండవ తరగతితో సరిపెట్టుకొన్నవారు ఉందురు. మీరు పడిన కష్టము వృథా కాదు. రేపు ఇంకొకరికి దారి చూపుటకు అదియే మూలధనము. కళాశాల నడపు పెద్దలకు మా విన్నపమొకటి: బీరువాలోని కప్పులను బట్టియే ఆటల సంగతి నిర్ణయింపవలదు. పిల్లవానికి బంతిని అదుపు చేయుట ఓర్పుతో నేర్పు ఒక మనిషిని ముందుగా వెదకుడు. కప్పులు వచ్చినను రాకున్నను, మనుష్యులు తయారగుదురు.