కాందిశీక వాచకములు: కలకత్తా చరిత్రమున వాని ప్రయోగము

మన రాజ్యము పోరాడిన మరియొక రాజ్యమునుండి పారిపోయి మన గడపకు వచ్చిన మనుష్యుని ఏ పేరుతో పిలువవలెను? ఆ రాజ్యమువాడు గనుక శత్రువందుమా? ఆ రాజ్యమును విడిచి వచ్చినవాడు గనుక ఆశ్రితుడందుమా? ఈ ప్రశ్నకు చట్టముకంటె ముందుగా భాష సమాధానము చెప్పును. ఇట్టివారిని తెలుపు కొన్ని పదములను కలకత్తా, అనగా నేటి కోల్‌కతా, చరిత్రము ఆధారముగా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. కాందిశీకుడు

తెలుగు పత్రికలయందు చిరకాలముగా వాడుకలోనున్న పదమిది. అమరకోశము దీనికి భయముచే పరుగెత్తినవాడని అర్థము చెప్పినది. 'కాం దిశం', అనగా 'ఏ దిక్కునకు పోవుదును' అను ప్రశ్నయే పదమైనదని వ్యుత్పత్తి. 1942 మార్చిలో జపాను సేనలు రంగూనును ఆక్రమించినపుడు, బర్మాలో కష్టము చేసికొని బ్రతుకుచుండిన తెలుగువారనేకులు ఓడలమీదను, అరకాను, అస్సాము కొండదారులలో కాలినడకను తరలివచ్చిరి. 1960లలో అచ్చటి సైనిక ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా మరికొందరు వచ్చిరి. విశాఖపట్నములోని 'బర్మా క్యాంపు' అను పేరు ఆ రాకకు గుర్తు. కావున తెలుగువారికి ఈ పదము పరాయివారి పేరు మాత్రమే కాదు; ఒకప్పుడు మన బంధువుల పేరు.

2. ఉద్వాస్తు

వంగభాషలో ప్రసిద్ధమైన పదమిది. 'వాస్తు' అనగానే మనకు గృహనిర్మాణ శాస్త్రము స్ఫురించును. వంగీయులకు తరతరముల ఇంటినేల స్ఫురించును. ఆ నేలనుండి పెల్లగింపబడినవాడు ఉద్వాస్తు. 1947 విభజన తరువాతను, 1950 కల్లోలముల తరువాతను తూర్పు బెంగాలునుండి వచ్చినవారు సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారములమీద కాపురముండిరి. పిదప జాదవ్‌పూరు పరిసరములలో ఖాళీ నేలలను ఆక్రమించి కాలనీలు కట్టుకొనిరి. వానిలోనొకటియైన విజయగఢ్, యుద్ధకాలమున సైనికులు విడిచిన శిబిరస్థలమున వెలసినది. వారు 1950లో స్థాపించుకొన్న సంఘము తన పేరున 'శరణార్థి' అని వ్రాసికొనలేదు. 'వాస్తుహారా', అనగా ఇంటినేల కోల్పోయినవారు, అని వ్రాసికొన్నది. శరణార్థి యాచించును, వాస్తుహారా తనకు జరిగిన నష్టమును చెప్పి హక్కు నడుగును. ఈ భేదము స్వల్పమైనది కాదు.

3. శరణార్థి

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాను సైన్యము ఢాకాలో మారణకాండ ఆరంభించిన పిమ్మట దాదాపు 1 కోటిమంది సరిహద్దు దాటిరి. కలకత్తా అంచున సాల్ట్‌లేకులో విశాలమైన శిబిరము లేచినది. బనగావ్ శిబిరమున కలరా ప్రబలగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని త్రాగించి అనేకుల ప్రాణములు కాపాడెను. ఆ సంవత్సరము నవంబరు 15 నుండి ఉత్తరములపై 5 పైసల శరణార్థి సహాయపు బిళ్ళ అంటింపవలసి వచ్చెను. ఈసారి ప్రభుత్వమునకును, ప్రజలకును నచ్చిన పదము 'శరణార్థి'. దీనికి కారణము కలదు: వీరు తిరిగి పోవలెనని ప్రభుత్వము మొదటినుండియు నిశ్చయించుకొన్నది. డిసెంబరు 16న యుద్ధము ముగియగా, 1972 తొలి నెలలలోనే అధికసంఖ్యాకులు స్వస్థలములకు మరలిరి. ఉండవచ్చినవాడు ఉద్వాస్తు, పోవలసినవాడు శరణార్థి. దయ రెండింటను కలదు, గడువు రెండవదాన మాత్రమే కలదు.

4. శత్రువు

పై మూడు పదములకును చోటియ్యనిది ఈ నాల్గవ పదము. కలకత్తాలో చీనావారు 18వ శతాబ్ది చివరినుండి కలరు. టెరెటీ బజారునను, టాంగ్రా తోళ్ళ కర్మశాలలయందును పనిచేసిన వీరిలో కొందరు జపాను దండయాత్రకు జడిసి వచ్చినవారు. 1962 అక్టోబరులో చీనాతో యుద్ధము రాగా, ఈశాన్య ప్రాంతములనుండియు, బెంగాలునుండియు దాదాపు 3,000 మందిని రాజస్థానములోని దేవలీ శిబిరమున నిర్బంధించిరి. వారు కదలలేదు, పదము కదలినది. పొరుగువాడు ఒక్క మాసములో శత్రువయ్యెను. విడుదలయైన పిదప పలువురు కెనడా మొదలగు దేశములకు వలసపోయిరి.

పాకిస్తానుతో మనము 1947-48లోను, 1965లోను, 1971లోను పోరాడితిమి. అయినను తూర్పు బెంగాలు హిందువు కలకత్తాలో శత్రువు కాలేదు. భాషయు, బంధుత్వమును అడ్డుపడినవి. ఆ అడ్డు చీనావానికి లేకపోయెను. మరియొకటి గమనింపదగినది. 1965 యుద్ధసమయమున పాకిస్తాను ప్రభుత్వపు ఉత్తర్వులచే, భారతమునకు వచ్చిన హిందువుల భూములు 'శత్రు ఆస్తి' యయ్యెను. భారతదేశమును 1968లో అట్టి పేరుగల చట్టమునే చేసినది. అక్కడ శత్రువను మాట పడినందుననే ఇక్కడ అనేకులకు ఉద్వాస్తువను మాట శాశ్వతమైనది. ఒకే మనుష్యునికి ఇరువైపుల రెండు పేర్లు.

ఉపసంహారము

కాగజ్‌నగర్ ప్రాంతమున, ఈస్‌గాం, నజ్రుల్ నగర్ మొదలగు గ్రామములయందు, తూర్పు బెంగాలునుండి వచ్చిన కుటుంబముల సంతతి నేటికిని కలదు. కావున ఈ విచారణ తెలుగువారికి దూరపుది కాదు. భారతదేశము 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికపై సంతకము చేయలేదు. కాందిశీకులకై ప్రత్యేక చట్టమును లేదు. చట్టము మౌనముగా నున్నచోట పదమే తీర్పు చెప్పును. నేడు అదే సరిహద్దు దాటినవానికి 'చొరబాటుదారు' అను మరియొక పదము ప్రబలినది. అది నేరమును తెలుపును గాని, అతడేల పారిపోయి వచ్చెనో తెలుపదు. యుద్ధము రాజ్యముల నడుమ జరుగును. 'ఏ దిక్కునకు' అను ప్రశ్న మనుష్యునిది. ఆ ప్రశ్నను తనలో నిలుపుకొన్న మన ప్రాతపదమును, దాని అర్థమెరిగి వాడుట మేలు.